మాంత్రికుడిది నేపాళమే ఎందుకు?

బుధవారం మధ్యాహ్నం ఎడిటర్ గారు ఫోన్ చేశారు. ఇటలీ దర్శకుడు పాసోలినీ 1974లో తీసిన ‘అరేబియన్ నైట్స్’ మీద ముఖచిత్ర కథనం, శుక్రవారం సాయంత్రానికల్లా కావాలన్నారు. కడప, కర్నూలు పాఠకులకు దగ్గరగా ఉండాలన్నారు. ఆ రాత్రే సినిమా చూశాను. ఎక్కడెక్కడ తీశారో రాసుకుంటున్నాను: యెమెన్, ఇరాన్, ఇథియోపియా, ఎరిత్రియా, నేపాల్. అక్కడ కలం ఆగింది.

నేపాల్ అనగానే నాకు గుర్తొచ్చేది ఎస్వీ రంగారావు. ‘పాతాళ భైరవి’లో నేపాళ మాంత్రికుడు. 1951లో వచ్చిన ఆ సినిమా దర్శకుడు కె.వి.రెడ్డిది తాడిపత్రి. దాన్ని నిర్మించిన విజయా సంస్థను చక్రపాణితో కలిసి నడిపిన బి.నాగిరెడ్డిది కడప జిల్లా. రచన పింగళి నాగేంద్రరావుది. ఆ కథకు దూలాలు అల్లావుద్దీన్ కథవి, గోడలు కాశీమజిలీ కథలవి.

అరబ్బీ కథలో అల్లావుద్దీన్ దర్జీ కొడుకు. మన సినిమాలో నాయకుడు తోటరాముడు తోటమాలి కొడుకు. అక్కడ దీపం, ఇక్కడ అమ్మవారి బొమ్మ. అక్కడ మాంత్రికుడు కుర్రాణ్ణి గుహలో వదిలి మూసేస్తాడు, ఇక్కడ బలివ్వబోతాడు. బలికి ముందు రాముడు మునకేయడానికి నీళ్లలో దిగుతాడు. మొసలి మీద పడుతుంది. దాన్ని చంపితే శాపం తీరిన కన్య లేచి, మాంత్రికుడి పన్నాగం చెబుతుంది. తనను బలికి తెచ్చినవాణ్ణే బలిచ్చి రాముడు బొమ్మ చేజిక్కించుకుంటాడు. అల్లావుద్దీన్‌ది అదృష్టం, రాముడిది తెగువ.

నేను ఈ కథను తెరమీద చూడకముందే ప్రొద్దుటూరులో మిద్దె మీద పడుకుని మా అవ్వ నోట విన్నాను. ఆమె చెబుతుంటే ఆ మొసలి ఉన్నది మా గుడి కోనేట్లోనే. అరబ్బుల కథ అని ఆమెకు తెలీదు.

అసలు కథలో అల్లావుద్దీన్‌ది చైనా. మాంత్రికుడు ఆఫ్రికా పడమటి కొస నుంచి వస్తాడు. కథకులకు మాయ ఎప్పుడూ దూరదేశంలోనే ఉంటుంది. పింగళికి ఆ దూరం నేపాళం. పాసోలినీ ఆ దూరాలకే వెళ్లి, మామూలు మనుషుల ముఖాలను తెరకెక్కించాడు.

ఆయన సినిమాలో అల్లావుద్దీన్ లేడు, అలీబాబా లేడు, కథలు చెప్పే షహ్రజాదే లేదు. జుముర్రుద్ అనే బానిస పిల్ల ఉంది. సంతలో తనను కొనేవాణ్ణి తానే ఎంచుకుంటుంది. చేతిలో పైసా లేని ఆ కుర్రాడు నూరుద్దీన్‌కు డబ్బూ తనే ఇస్తుంది. విడిపోయాక మగవేషంలో ఒక నగరం చేరితే, అక్కడి ఆచారం ప్రకారం ఆమెనే రాజును చేస్తారు. తోటరాముడి తెగువ ఈ పిల్లలో కనిపించింది. నగ్నదృశ్యాలు చాలా ఉన్నాయి, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సినిమా కాదు.

చరిత్ర రెండు ముక్కల్లో: 1704 నుంచి ఫ్రెంచి పండితుడు గాలాం అరేబియన్ నైట్స్ కథలను ఫ్రెంచిలో అచ్చువేశాడు. అల్లావుద్దీన్ కథను ఆయనకు 1709లో పారిస్‌లో చెప్పింది అలెప్పో యువకుడు హన్నా దియాబ్. పాసోలినీ చిత్రానికి 1974 కాన్ చలనచిత్రోత్సవంలో జ్యూరీ గ్రాండ్ ప్రీ దక్కింది. మరుసటి ఏడాది నవంబరు 2న ఆయన హత్యకు గురయ్యాడు.

ఒకే పండుగలో
1952లో బొంబాయిలో మన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగింది. ఇటలీ నుంచి ‘బైసికిల్ థీవ్స్’, మన ‘పాతాళ భైరవి’ రెండూ అక్కడ ఆడాయి.

సనా గోడలు
యెమెన్ రాజధాని పాతనగరాన్ని కాపాడమని యునెస్కోకు మొరపెట్టుకుంటూ పాసోలినీ చిన్న డాక్యుమెంటరీ తీశాడు. 1986లో ఆ నగరం ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

‘పాతాళ భైరవి’ని టూరింగ్ టాకీసులో చూసిన అవ్వాతాతలు మీ ఇంట్లో ఉంటే, ఏ ఊళ్లో చూశారో, ఆ కథను మీకెలా చెప్పారో రాసి పంపండి.