కూడలి దీపముల స్థితియంత్రము

పంజాగుట్ట వంటి రద్దీ కూడలిలో దారి దాటగోరు పాదచారి స్తంభమునకు అమర్చిన మీటను నొక్కినాడనుకొందము. ఆ నొక్కుడు యంత్రమునకు తెలియునా? తెలిసినను, బస్సులకు ఎర్రదీపము వెలిగిన పిమ్మటనే అతనికి పచ్చదీపము వెలుగునా? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము మైక్రోకంట్రోలరులో ఒక్క బైటును వాడుకొను తీరుపై ఆధారపడియుండును.

పంజాగుట్టకు ఆనుకొనియున్న అమీర్‌పేట కంప్యూటరు శిక్షణ సంస్థలకు పేరుపొందినది. మైక్రోకంట్రోలరును నేర్చువారికి సాధారణముగా ఇచ్చు అభ్యాసములలో కూడలి దీపము ఒకటి. గణించు భాగము, జ్ఞాపకము, కాలమును కొలుచు టైమరు, బయటి తీగలను కలుపుకొను కాళ్ళు ఒకే చిప్పులో కలది మైక్రోకంట్రోలరు. 1980లో ఇంటెల్ సంస్థ వెలువరించిన 8051 అట్టిదే. అందలి తాత్కాలిక జ్ఞాపకము 128 బైట్లు మాత్రమే. యంత్రము గ్రహించు ఒక్కొక్క ఆజ్ఞకు ఒక్కొక్క పొట్టిపేరు పెట్టి వ్రాయు భాష అసెంబ్లీ.

క్రొత్తవారు తొలుత ఇట్లు వ్రాయుదురు: పచ్చ వెలిగించుము, 30 సెకండ్లు ఊరక లెక్కపెట్టుము, పసుపు వెలిగించుము. దీపములు సరిగానే వెలుగును. కాని లెక్కపెట్టుచున్నంతసేపు యంత్రము మరి దేనిని చూడదు. పాదచారి మీట నొక్కి వ్రేలు తీసినచో ఆ సంగతి దానికి తెలియనే తెలియదు.

దీనికి ఉపాయము స్థితియంత్రము. 1955లో జార్జి మీలీ, 1956లో ఎడ్వర్డు మూర్ ఇట్టి యంత్రములను గూర్చి సిద్ధాంత వ్యాసములు వెలువరించిరి. యంత్రము ఉండదగిన స్థితులను ముందుగా ఎంచి, ఒక్కొక్కదానికి ఒక అంకె నియమింపవలెను. మన కూడలిని సులభము చేసి, ప్రధాన మార్గము, అడ్డమార్గము, పాదచారులు మాత్రమే కలరనుకొందము:

0. అందరికి ఎరుపు: 5 సెకండ్లు, పిదప 1.
1. ప్రధాన మార్గమునకు పచ్చ: 30 సెకండ్లు, పిదప 2.
2. ప్రధాన మార్గమునకు పసుపు: 4 సెకండ్లు, పిదప 3.
3. అడ్డమార్గమునకు పచ్చ: 20 సెకండ్లు, పిదప 4.
4. అడ్డమార్గమునకు పసుపు: 4 సెకండ్లు, మీట నొక్కియున్న 5, లేనిచో 1.
5. పాదచారులకు పచ్చ: 15 సెకండ్లు, పిదప 0.

ప్రతి స్థితిలోను పేర్కొననివారికి ఎరుపే. మార్గమునకు మూడేసి, పాదచారులకు రెండు, మొత్తము 8 దీపములు. బైటులోని బిట్లు కూడ ఎనిమిదే. కావున ఒక్కొక్క స్థితిలోని దీపములను ఒక్కొక్క బైటుగా పట్టికలో వ్రాయవచ్చును. రెండు పచ్చలు ఒకేసారి వెలుగవని నిశ్చయించుకొనుటకు ఆరు బైట్లను చూచిన చాలును.

ఇక నడిపించు విధము. 12 మెగాహెర్ట్‌జుల స్ఫటికముతో 8051 టైమరు మైక్రోసెకండునకు ఒకటి చొప్పున లెక్కించును. 50,000 అయినంతనే ప్రోగ్రాము మేల్కొనును; అనగా సెకండునకు 20 పర్యాయములు. మేల్కొనినప్పుడెల్ల మీటను చూచి, నొక్కియున్నచో ఒక బిట్టులో గుర్తుంచుకొనును. స్థితి 5 లో ప్రవేశించినపుడు ఆ గుర్తును తుడిచివేయును. తరువాత స్థితి అంకెను రెట్టింపు చేసి, దూకుడు పట్టికలో ఆ స్థానమునకు పోవును. రెట్టింపు ఎందుకనగా, పట్టికలోని ఏజేఎంపీ అను దూకు ఆజ్ఞ ఒక్కొక్కటి రెండు బైట్ల పొడవు. ఆ స్థితికి చెందిన చిన్నపని ముగియగానే వెనుకకు వచ్చును. ఎచ్చటను ఊరక నిలువదు.

విద్యుత్తు ఒడుదుడుకులవలన స్థితి బైటులో 9 చేరినదనుకొనుడు. పట్టిక 12 బైట్లతో ముగిసినది; యంత్రము 18 బైట్ల దూరమునకు దూకి, అచ్చట ఏమున్నను ఆజ్ఞగా భావించును. కావున దూకుటకు ముందే అంకెను 6తో పోల్చవలెను. సీజేఎన్‌ఈ అను ఆజ్ఞ పోల్చి, అంకె చిన్నదైన క్యారీ బిట్టును 1 చేయును. క్యారీ 0 అయినచో స్థితిని 0 చేయుడు; అందరును ఆగుదురు.

అయినను 1 బదులు 3 చేరినచో ఈ పరీక్ష పట్టలేదు. పసుపు లేకయే దీపము మారిపోవును. స్థితి అంకెలోని బిట్లన్నిటిని తారుమారు చేసి వేరొక బైటులో దాచి, ప్రతిసారి రెంటిని పోల్చినచో ఏమగునో విద్యార్థులు కాగితముపై వ్రాసి చూడవలెను.