పది పాయింట్లతో పాటకు దిగవచ్చునా?

బ్రిడ్జిలో ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున లెక్కించి, 12 పాయింట్లకు తగ్గిన చేతితో పాట ప్రారంభింపరాదని నేర్పుదురు. అయిదేసి ముక్కల రంగులు రెండున్నచో ఈ లెక్క చాలదు.

ఇస్పేటులో ఆసు, జాకీ, 9, 7, 5. ఆఠీనులో రాజు, రాణి, 8, 6, 4. తక్కిన మూడును చిల్లర ముక్కలే. పాయింట్లు 10. వీనికి ఆ రెండు రంగుల ముక్కల సంఖ్యను చేర్చగా 20 అగును. 20 వచ్చినచో పాడవచ్చునను సూత్రమును ప్రచారము చేసినవాడు అమెరికను ఆటగాడు మార్టీ బెర్గెన్. ఈ చేతితో మేమును ఒక ఇస్పేటు పాడుదుము.

అదే ఆసు ఒంటిగా కళావరులోను, రాజు రాణులు జంటగా డైమనులోను, జాకీ మాత్రమే ఇస్పేటులోను ఉన్నచో? లెక్కకు 20యే, అయినను పాసనియే అందుము. బలమంతయు పొట్టి రంగులలో చిక్కినది. చిల్లర ముక్కల పొడవు రంగులు పట్లు తెచ్చుట అరుదు. మన పాటను నమ్మి భాగస్వామి గేము వరకు పోయినచో, తగ్గిన పట్లకు సమాధానము చెప్పవలసినది మనమే.