డాబా మీది ఏంటెన్నా

1977 అక్టోబరు 23వ తేదీన హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వెలసిన పిదప మన డాబాలమీద మొలచిన అల్యూమినియపు గొట్టములను చూచి, అవి కలవారి యింటి గుర్తని తలచినవారే గాని, ఆ గొట్టముల పొడవునకును, వాని నడిమి యెడమునకును ఒక గణితము కలదని యోచించినవారు అరుదు. ఆ గణితము జపానుది. 1926 ప్రాంతమున తోహోకు విశ్వవిద్యాలయములో షింటారో ఉడా పరిశ్రమించి దీనిని రూపొందింపగా, ఆయన పై ఆచార్యుడు హిడెట్సుగు యాగీ 1928లో ఆంగ్లమున వ్యాసము ప్రకటించుటచే లోకమునకు యాగీ పేరే యెక్కువగా తెలిసినది. కీర్తి యెప్పుడును పక్షపాతియే!

అడ్డకడ్డీకి బిగించిన గొట్టములలో తీగ తగులునది ఒక్కదానికే. కొనలు మడచి కలిపిన ఆ పొడవాటి గొట్టము తరంగమును పట్టి విద్యుత్తుగా దింపును. వెనుకనున్న కొంచెము పొడవైన గొట్టము దాటిపోవు తరంగమును ముందునకు మరలించును. ఎదుటి పొట్టి గొట్టములు దానిని లోనికి నడిపించును. తీగ తగులు గొట్టము తరంగదైర్ఘ్యములో ఇంచుమించు సగముండవలెను గనుక, సెకనుకు 6 కోట్ల స్పందనముల ప్రసారమునకు సుమారు రెండున్నర మీటర్ల గొట్టము కావలసియుండగా, 17 కోట్ల 50 లక్షల దానికి 85 సెంటీమీటర్లు చాలును. పొట్టి గొట్టముల వైపు ప్రసార స్తంభమునకు అభిముఖముగా నుండవలెను.

1987లో ఆదివారమునాడు టీవీలో రామాయణము ధారావాహిక వచ్చు వేళకు, డాబాపై ఒకరు గొట్టము త్రిప్పుచుండగా, క్రిందినుండి "బొమ్మ వచ్చింది మామయ్యా, మాట రావడం లేదు!" అను కేకలు వీధివీధిని వినిపించెడివి. తెరపై చీమలు పారినను, బొమ్మకు నీడ పడినను, నేరము గొట్టముపై వాలిన కాకిమీద మోపుట ఆచారము. కొండనో ఎత్తైన మేడనో తాకి మరలిన తరంగము రవంత ఆలస్యముగా చేరుటచేత బొమ్మ ప్రక్కన నీడబొమ్మ యేర్పడెడిది. దానికి కాకితో పనిలేదు, గొట్టమును కొంచెము త్రిప్పుటయే మందు.

నా యెరుకలో ఏంటెన్నా కంటె తీగయే యెక్కువ ద్రోహము చేయును. ఆ మడత గొట్టము 300 ఓములది, గుండ్రని నల్ల కేబులు 75 ఓములది. రెంటికి నడుమ పొంతన కుదుర్చు చిన్న డబ్బా లేనిచో వచ్చిన శక్తిలో కొంత వెనుకకే మరలిపోవును. ఆ కేబులు కొన ఒలిచి చూడుడు: నడుమ రాగితీగ, దానిచుట్టు తెల్లని నురుగు, దానిపై వెండిరంగు రేకు, సన్నని తీగల జడ. ఆ జడలోని ఒక్క వెండ్రుకంత తీగ నడిమి రాగిని తాకెనా, బొమ్మ మాయమే. పురితిప్పి టేపు చుట్టిన అతుకులోనికి వాననీరు దిగి రాగి పచ్చబారిన పిమ్మట, ఇంటివారు టీవీని నిందింతురు. ఒక తీగను రెండు టీవీలకు పంచినచో ఒక్కొక్కదానికి సగము శక్తియైనను చేరదు. సంకేతమును పెంచు బూస్టరునైనను ఏంటెన్నా నిలిపిన స్తంభము తలమీదనే పెట్టవలెను. టీవీ వెనుక పెట్టినచో తీగలో చేరిన రొదయు సంకేతముతోడనే పెరుగును.

1991 గల్ఫు యుద్ధము నాటినుండి కేబులు టీవీయు, పిమ్మట గొడుగువంటి డిష్షులును వచ్చి ఆ గొట్టములను పనిలేనివిగా చేసినవి. నేలమీది స్తంభములనుండి దూరదర్శన్ చేయు పాతతరహా ప్రసారములు నేడు దాదాపుగా నిలిచిపోయినవి. ఐనను తుప్పుపట్టిన ఇనుప స్తంభములు పెక్కు డాబాలపై ఇంకను నిలిచియున్నవి. గాలివానలకు ముందే వానిని దింపించుడు. కరెంటు తీగలు చేరువనున్నచో, లైన్‌మన్‌ను పిలిచి సరఫరా ఆపించిన పిమ్మటనే చేయి వేయుడు.