చలికాలపు టైర్లు: ఎంపికలో రబ్బరే ప్రధానం

అక్టోబరు నెల సగం గడిచేసరికి కెనడాలో చలికాలపు టైర్లకు గిరాకీ ఊపందుకుంటుంది. మొదటి మంచు కురిసిన వారంలో కోరిన సైజు సరుకు దొరకడం కష్టం. టైర్లు బిగించే షెడ్లలో వంతు రావడానికి కూడా చాలా రోజులు ఆగవలసి వస్తుంది. చదువులకు, ఉద్యోగాలకు ఉభయ తెలుగు రాష్ట్రాల నుంచి అక్కడికి వెళ్ళి, మొదటి ఏడాదే పాత కారు కొనేవారు అనేకులున్నారు. వీరికి మంచు కొత్త, మంచు మీద బండి నడపడం అంతకన్నా కొత్త. కనుక ఈ సరుకు ఎంపికలో గమనించవలసిన అంశాలను తెలుసుకోవడం అవసరం.

రబ్బరులోనే తేడా

చలికాలపు టైరు అనగానే లోతైన గాడులే గుర్తుకు వస్తాయి. కాని అసలు తేడా రబ్బరు మిశ్రమంలో ఉంది. కేరళలోనూ, థాయిలాండ్, ఇండోనేషియాలలోనూ పాలు తీసి తయారుచేసే సహజ రబ్బరుకు కృత్రిమ రబ్బరు, నల్లపొడి, సిలికా, నూనెలు, గంధకం కలిపి టైర్ల మిశ్రమం తయారుచేస్తారు. వేసవి టైరు మిశ్రమాన్ని వేడికి తట్టుకొని త్వరగా అరగకుండా ఉండేటట్లు కూర్చుతారు. చలికి మన ఇళ్ళలో కొబ్బరినూనె బిగుసుకున్నట్లే, ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెంటిగ్రేడు కంటె తగ్గినకొద్దీ ఆ రబ్బరు గట్టిపడి, రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. మంచు పడకపోయినా, రోడ్డు పొడిగా ఉన్నా ఇది తప్పదు.

చలికాలపు టైర్లలో చలికి మెత్తదనం పోని రబ్బరును, సిలికాను తగుపాళ్ళలో వాడతారు. ట్రెడ్డు మీద సన్నని చీలికలు వందల సంఖ్యలో ఉంటాయి. వాటి అంచులు మంచును పట్టుకుంటాయి. ఈ తరహా టైర్లను ఫిన్లండ్‌లో 1934లో లారీలకు, 1936లో కార్లకు తయారుచేశారు.

గుర్తు చూసి కొనాలి

టైరు పక్కభాగాన ‘ఎం ప్లస్ ఎస్’ అనే అక్షరాలుంటే బురదకూ మంచుకూ పనికి వస్తుందని అర్థం. అయితే అది తయారీదారు స్వయంగా వేసుకునే ముద్ర. మూడు శిఖరాల కొండ, దాని నడుమ మంచు రేకు ఉన్న గుర్తు వేరు. 1999లో వాడుకలోకి వచ్చిన ఈ గుర్తును మంచు మీద పట్టు పరీక్షలో నెగ్గిన టైర్లకే వేస్తారు. కొనుగోలుదారు చూడవలసింది దీనినే. జర్మనీలో కూడా 2024 అక్టోబరు నుంచి మంచు రోడ్ల మీద ‘ఎం ప్లస్ ఎస్’ ముద్ర ఒక్కటే ఉంటే చెల్లదు.

‘ఆల్ సీజన్’, ‘ఆల్ వెదర్’ అనే పేర్లు వింటే ఒకటేననిపిస్తాయి. ‘ఆల్ వెదర్’ టైర్లకు కొండ గుర్తు ఉంటుంది. ‘ఆల్ సీజన్’ రకంలో చాలావాటికి ఉండదు. పాత కారు అమ్మేవారు ‘అన్ని కాలాలకూ పనికివచ్చే టైర్లే’ అన్నప్పుడు వంగి ఆ గుర్తు చూసుకోవడం మంచిది.

రెండు కాదు, నాలుగు

ఖర్చు తగ్గుతుందని ముందు చక్రాలకు మాత్రమే రెండు టైర్లు వేయించుకునేవారున్నారు. ఈ పొదుపు ప్రమాదకరం. ముందు చక్రాలకు పట్టు ఉండి వెనుక చక్రాలకు లేకపోతే, మలుపులోనో, బ్రేకు వేసినప్పుడో బండి వెనుకభాగం జారి అడ్డంగా తిరిగిపోతుంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే కారు తేలికగా కదులుతుందే గాని, ఆగడంలో దానికి వేరే ప్రత్యేకత లేదు. దానికి కూడా నాలుగూ మార్చవలసిందే.

వాడిన సరుకు కొనేవారికి

వాడిన టైర్లు చవకగా దొరుకుతాయి. వీటిలో రెండు విషయాలు పరీక్షించాలి. మొదటిది వయస్సు. ‘డాట్’ అనే అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని తెలుపుతాయి. 3822 అని ఉంటే 2022లో 38వ వారం అన్నమాట. ఏళ్ళు గడిచినకొద్దీ, వాడకపోయినా, రబ్బరు గట్టిపడుతుంది. రెండవది గాడి లోతు. కొత్త టైరుకు ఇది సుమారు 8 మిల్లీమీటర్లు. 4 మిల్లీమీటర్లకు దగ్గరపడిన టైరు మంచు రోడ్లకు తగదని కెనడా రవాణా శాఖ సలహా.

సైజు విషయంలో డ్రైవరు తలుపు వద్ద అంటించిన పట్టికనే ప్రమాణంగా తీసుకోవాలి. 205/55 ఆర్ 16 అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్కభాగం ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు తగ్గినప్పుడల్లా గాలి ఒత్తిడి సుమారు ఒక పౌను పడిపోతుంది కనుక చలికాలంలో గాలిని తరచు చూసుకోవాలి.

చట్టం, ఖర్చు

క్విబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు చలికాలపు టైర్లు తప్పనిసరి. టొరంటో ఉన్న అంటారియోలో అటువంటి నిర్బంధం లేదు. అయితే ఈ టైర్లు వేసుకున్నవారికి బీమా కంపెనీలు ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలన్న నిబంధన 2016 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. బీమా తీసుకునేటప్పుడు దీనిని అడిగి రాయించుకోవాలి.

రెండు జతల ఖర్చు చూసి వెనుకాడనక్కరలేదు. ఒక జత వాడుకలో ఉన్నంతకాలం రెండవది అరగదు గనుక రెండూ ఎక్కువ కాలం వస్తాయి. చలికాలపు టైర్లను వేరే ఇనుప రిమ్ములకే బిగించి ఉంచుకుంటే ఏటా విప్పి ఎక్కించే కూలీ తగ్గుతుంది. వేసవిలో వాటిని విప్పివేయాలి. ఆ మెత్తని రబ్బరు వేడి రోడ్డు మీద త్వరగా అరిగిపోతుంది. గిరాకీ పెరగకముందే, సెప్టెంబరు ఆఖరులోనో అక్టోబరు మొదట్లోనో కొనుగోలు ముగించుకుంటే కోరిన సైజు దొరుకుతుంది, మొదటి మంచు నాటికి టైర్లు బండికి ఉంటాయి.