మ్యూయాన్ చెప్పిన పాఠం

ప్రాక్టికల్స్‌లో లఘులోలకం ప్రయోగం మనందరం చేసినవాళ్లమే. గురుత్వ త్వరణం 980 రావాలని ముందే తెలుసు కనుక రీడింగులను కాస్త అటువైపు జరపాలనిపిస్తుంది. పెద్ద శాస్త్రవేత్తలకూ ఈ ఆశ తప్పదు. దానికి వారు చేసిన ఉపాయం చూద్దాం.

మ్యూయాన్ ఎలక్ట్రాన్ లాంటి కణమే, కాని 207 రెట్లు బరువు. సగటున సెకనులో పది లక్షల వంతుల్లో 2.2 వంతులే బతుకుతుంది. అయస్కాంత క్షేత్రంలో బొంగరంలా తల ఊపుతుంది. శూన్యంలో క్షణకాలం పుట్టి మాయమయ్యే కణాలన్నీ ఆ ఊపును రవంత మారుస్తాయి. తెలిసిన కణాల లెక్కకూ కొలతకూ తేడా వస్తే, మనకు తెలియనిదేదో ఉన్నట్టే.

అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో 2001లో అలాంటి తేడా కనిపించింది. నిజమో కాదో తేల్చడానికి 2013లో దాదాపు 15 మీటర్ల వెడల్పున్న అయస్కాంత వలయాన్ని నీటి మీద, రోడ్డు మీద ఫెర్మీల్యాబ్‌కు తరలించారు. అక్కడ గడియారపు అసలు వేగాన్ని కొలిచేవారికే చెప్పకుండా దాచారు. విశ్లేషణ ముగిశాకే ఆ అంకె విప్పారు. ఇక జవాబును ఇష్టమైన వైపు ఎవరు లాగగలరు?

2025 జూన్‌లో తుది ఫలితం వెలువడింది. అందులో అనిశ్చితి వంద కోట్లలో 127 వంతులే. అదే ఏడాది సూపర్ కంప్యూటర్ల లెక్కలతో సిద్ధాంతాన్ని సవరించగా, ఇప్పటి కచ్చితత్వం మేరకు రెండూ కలిశాయి. ఎదురుచూసిన కొత్త కణం జాడ తేలలేదు. అయినా వచ్చిందే రాశారు.

మన రికార్డుల్లోనూ 980 రాకపోతే, వచ్చిన అంకెనే రాద్దాం. ఎందుకు రాలేదో వెతుకుదాం.