హజ్ ఓడ అండమాన్ దారి పట్టిన వేళ

అండమాన్‌కు బదిలీ అనగానే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న: "పిల్లల్తో ఓడలో వెళ్ళగలమా?" దీనికి సగం జవాబు ఓడ కట్టుబడిలోనే ఉంది.

నేను పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) పనిచేసినప్పుడు ఆ దారిలో తిరిగిన ఓడల్లో ఎం.వి. అక్బర్ ఒకటి. 1971 నాటిది. దీవుల కోసం కట్టింది కాదు. బొంబాయి నుంచి జెడ్డాకు హజ్ యాత్రికుల్ని చేరవేయడానికి మొగల్ లైన్ కట్టించుకున్నది. ఆ కంపెనీ 1986లో షిప్పింగ్ కార్పొరేషన్‌లో కలిసింది. 1995 తర్వాత హజ్ ప్రయాణం పూర్తిగా విమానాలకు మారిపోయింది.

విహార నౌకలో చోటంతా గదులకూ వినోదానికీ పోతుంది. యాత్రికుల ఓడ లెక్క వేరు. తక్కువ ఖర్చులో ఎక్కువమంది, వాళ్ళ సామానుతో సహా వెళ్ళాలి. అందుకే పైన కొద్దిపాటి క్యాబిన్లు, కింద పెద్ద హాళ్ళలో వరసలుగా రెండంతస్తుల పడకలు. అదే బంక్ క్లాస్. పెట్టె, బేడా, బియ్యం మూటతో దీవులకు వచ్చేవాళ్ళకు సరిగ్గా కావలసింది అదే. ఎంబీఏలో మాకు ఇంత చక్కని ఉదాహరణ ఎవరూ చెప్పలేదు!

ఇందులో ఒక తమాషా ఉంది. కొబ్బరిచెట్టును చూడండి, గాలికి మొవ్వ ఊగినంతగా మొదలు ఊగదు. ఓడా అంతే. పై అంతస్తు డీలక్స్ గదిలో కడుపు తిప్పుతుంటే, కింద బంక్‌లో కుదుపు తక్కువ. కానీ అక్కడ గాలి ఆడదు, ఇంజను రొద, కిటికీ ఉండదు. పిల్లలుంటే కింది అంతస్తులో, ఓడ మధ్యలో ఉండే సెకండ్ క్లాస్ క్యాబిన్ అడగండి. వాంతి వచ్చేలా ఉంటే డెక్ మీదికెళ్ళి దూరాన నింగీ నీరూ కలిసే గీతను చూడండి.

2011 జనగణన ప్రకారం దీవుల్లో 13 శాతానికి పైగా తెలుగువాళ్ళు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎందరో. తండ్రి పోయిన కబురు అందిన ఒక తాపీమేస్త్రి మా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. విశాఖ ఓడ ఐదు రోజుల తర్వాత. విమానం టికెట్ అతని నెల కూలికన్నా ఎక్కువ. ఖాతాలో ఉన్నదంతా తీసుకుని "దినాలకైనా అందుకుంటాను సార్" అని ఓడ టికెట్టే కొన్నాడు.

విశాఖ నుంచి అక్కడికి సుమారు 1,200 కిలోమీటర్లు, రెండు రోజులకు పైనే. సెలవు పెట్టేముందు ఓడ బయల్దేరే తేదీ చూసుకోండి. వాతావరణాన్ని బట్టి అది మారుతుంటుంది.