భిన్నాలంటే భయమెందుకు?

‘నాకు లెక్కలు రావు’ అనే తమ్ముళ్ళను కదిపి చూస్తే, చాలామందికి చిక్కు మొదలైంది నాలుగైదు తరగతుల్లో, భిన్నాల దగ్గరే. నిజానికి అవి మనకు కొత్తవి కావు. అర, పావు, ముప్పావు అనే మాటలు బడి మొహం చూడని మన పెద్దల నోట రోజూ వినేవే.

ఒక వస్తువును సమాన భాగాలు చేసి, వాటిలో కొన్ని తీసుకుంటే అది భిన్నం. 3/4లో కింది 4 హారం. ఎన్ని సమాన భాగాలు చేశామో చెబుతుంది. పైనున్న 3 లవం. ఎన్ని తీసుకున్నామో చెబుతుంది. ఒకే పుచ్చకాయను నలుగురికి బదులు ఎనిమిది మంది పంచుకుంటే ముక్క చిన్నదవుతుంది. అందుకే 1/8 కంటే 1/4 పెద్దది.

క్రమ భిన్నం: లవం హారం కంటే చిన్నది. ఉదా: 3/4. దీని విలువ ఒకటికి లోపే.

అపక్రమ భిన్నం: లవం హారానికి సమానం లేదా పెద్దది. ఉదా: 4/4, 7/4.

మిశ్రమ భిన్నం: పూర్ణాంకం, క్రమ భిన్నం కలిసినది. 7ను 4తో భాగిస్తే భాగఫలం 1, శేషం 3. కాబట్టి 7/4 అంటే ఒకటి ముప్పావు (1¾). కిలోన్నర, రెండుంబావు కూడా ఇలాంటివే.

సమాన భిన్నాలు: రూపం వేరు, విలువ ఒకటే. పూర్వం రూపాయికి 16 అణాలు, పావలాకు 4 అణాలు; అంటే 4/16. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 పైసలయ్యాయి. పావలా 25 పైసలైంది, అంటే 25/100. రెండూ 1/4కి సమానమే. 2011లో పావలా నాణెం చెల్లుబాటు ఆగిపోయినా మాట మాత్రం మిగిలింది.

సజాతి, విజాతి భిన్నాలు: హారాలు ఒకటే అయితే సజాతి, వేరైతే విజాతి. పొరపాట్లు ఎక్కువగా జరిగేది విజాతి భిన్నాల కూడికలోనే. 1/2 + 1/4 అనగానే పైవి పైన, కిందివి కింద కలిపి 2/6 అని రాస్తారు. 2/6 అంటే 1/3. అరెకరానికి పావు ఎకరం కలిపితే అరెకరం కంటే తగ్గుతుందా? ముందు 1/2ను 2/4గా మార్చాలి. అప్పుడు 2/4 + 1/4 = 3/4, ముప్పావు ఎకరం. ముక్కల సైజు ఒకటైతేనే కలపాలి, పోల్చాలి.

ఈ సూత్రం పరీక్షకే కాదు, ఇంటికీ అవసరం. ఒకచోట ఏడాదికి 12 శాతం వడ్డీ, మరొకచోట ‘మూడు రూపాయల వడ్డీ’ అన్నారనుకోండి. వినడానికి మూడే తక్కువ. కానీ అది నూటికి నెలకు మూడు. ఏడాదికి మారిస్తే 36/100. అంటే అసలులో మూడో వంతుకు పైగా ఒక్క ఏడాది వడ్డీకే పోతుంది. మొదటిది 12/100 మాత్రమే.

అప్పు కాగితం మీద వేలిముద్ర వేసే ఇళ్ళ నుంచి వచ్చిన మనలో చాలామందికి ఈ లెక్క విలువ తెలుసు. కనుక తమ్ముళ్ళూ, బట్టీ పట్టకండి. కాగితం మడిచి, ముక్కలు చేసి చూడండి. పదో తరగతి అన్నలు రోజుకో పావుగంట చిన్న తరగతుల వారి దగ్గర కూర్చోండి. ఆ పావుగంట కూడా ఒక భిన్నమే!